అబ్బాయి ఇచ్చిన పుస్తకానికి ఏమని జవాబు రాయాలి?

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళకు పైగా ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. మాది తాతముత్తాతల నాటి నుంచీ లూథరన్ కుటుంబం. మా అమ్మమ్మ బైబిలు స్త్రీగా, అంటే ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళకు బైబిలు చెప్పే సంఘ సేవకురాలిగా, ఊరూరా నడిచి తిరిగిన మనిషి. మా చిన్నబ్బాయి అమెరికాలో పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాడు. మూడేళ్ళుగా గుడికి వెళ్ళడం మానేశాడు. పోయిన క్రిస్మస్‌కు వచ్చినప్పుడు డొనాల్డ్ మిల్లర్ అనే ఆయన రాసిన ‘బ్లూ లైక్ జాజ్’ అన్న ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో పెట్టి, “ఇది చదువమ్మా, నా సంగతి నీకు అర్థమవుతుంది” అన్నాడు. మా గుడి పాస్టరు అయ్యగారికి చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, “ఇవి పోస్ట్‌మోడర్న్ రాతలమ్మా, చెదపురుగులా విశ్వాసాన్ని లోపలినుంచి తినేస్తాయి, ఇంట్లో ఉంచుకోకండి” అన్నారు. అయినా నిఘంటువు పక్కన పెట్టుకొని రెండుసార్లు చదివాను. కొన్ని చోట్ల నవ్వాను, ఒకటి రెండు చోట్ల కళ్ళు చెమర్చాయి. నచ్చినందుకు తప్పు చేసినట్టుగా కూడా అనిపించింది. మా వాడు పెన్సిలుతో గీతలు గీసినవి రెండే చోట్లు: కళాశాలలో ఒప్పుకోలు గది (పాపాలు ఒప్పుకునే గది) కట్టిన ఘట్టం ఒకటి, చర్చి గురించిన అధ్యాయం ఒకటి. ఈ రెండో చోట అంచున తెలుగులో “మన గుడి” అని రాశాడు. ఏడేళ్ళ క్రితం సంఘ ఎన్నికల తగాదాలో ఒక ఆదివారం మా గుడి గేటుకు తాళం పడింది; పోలీసులు వచ్చారు; ఆరాధన లేకుండానే అందరం ఇళ్ళకు వెళ్ళిపోయాం. వాడు అప్పుడు ఇంట్లోనే ఉండి చదువుకుంటూ యువజన కూటంలో పాటలు పాడేవాడు. నేను స్త్రీల సమాజానికి కార్యదర్శిని. వచనాలన్నీ ఏరి నాలుగు పేజీల ఉత్తరం రాసి పెట్టుకున్నాను గాని పంపడానికి మనసు రావడం లేదు. ఏమి చేయమంటారు?

సమాధానం: సోదరి గారికి వందనములు.

ఆ నాలుగు పేజీలూ పంపకుండా ఆగినందుకు ముందుగా సంతోషం. వచనాలు తప్పని కాదు. మీ అబ్బాయి మీకు అందించింది సాక్ష్యం, మీరు బదులుగా రాసింది బోధ. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురుపడవు. పాత సంవత్సరం రాత్రి గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళ మీకు తెలియనిది కాదు. వెనక వరుసలో నుంచి ఒక పెద్దాయన లేచి, కండువా సర్దుకొని, ఈ ఏడు దేవుడు నా అప్పు తీర్చాడని చెబుతాడు. ఆయన మాటను ఖండిస్తూ ఎవరూ లేచి వచనం చదవరు. అయితే వినేవాళ్ళలో సగం మందికి ఆ అప్పు ఎవరి దగ్గర చేశాడో, బావమరిది ఎంత సర్దాడో తెలుసు, ఆ సంగతి ఆయన చెప్పలేదనీ తెలుసు. సాక్ష్యాన్ని వినే పద్ధతి అది: చెప్పినదాన్ని గౌరవంగా వినడం, చెప్పకుండా వదిలినదాన్ని మనసులో గుర్తు పెట్టుకోవడం, తరువాత ఆరుబయట టీ తాగుతూ నిదానంగా అడగడం. ఈ పుస్తకాన్ని కూడా మీరు అలా వినాలని నా మనవి.

మీ అయ్యగారు వాడిన మాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మీకు తప్పు చేసినట్టు అనిపించడానికి కారణం ఆ మాటే. పోస్ట్‌మోడర్న్, అంటే ఆధునికోత్తర ధోరణి అన్నప్పుడు ముందుగా తలుచుకునేది 1979లో ఫ్రెంచి తాత్వికుడు లియోటార్ చెప్పిన నిర్వచనం. మానవజాతి మొత్తాన్నీ ఒకే దారిలో నడిపిస్తామని చెప్పే మహాకథనాల మీద నమ్మకం సడలడమే ఆ ధోరణి లక్షణమని ఆయన తేల్చాడు. క్రైస్తవ్యం చెప్పేది కూడా సృష్టి మొదలు కడవరి దినం దాకా సాగే మహాకథే కాబట్టి అయ్యగారి భయం నిరాధారమని నేను అనను. కానీ మిల్లర్ ఆ మహాకథను కాదనడం లేదు. దానిని పెద్ద గొంతుతో, రుజువులతో, గెలవడానికి చెప్పే పద్ధతి ఆయనకు పడదు. 2003లో వచ్చిన ఆ పుస్తకానికి ఉపశీర్షికలో ‘మతపరం కాని ఆలోచనలు’ అని పెట్టుకున్న మాట నిజమే గాని, అధ్యాయాల పేర్లు మరొకసారి తిరగవేయండి. విశ్వాసం, విమోచన, కృప, ఒప్పుకోలు, సంఘం, ధనం, ఆరాధన వంటి పేర్లే ఎక్కువ. చిట్టచివరి అధ్యాయం పేరు యేసు. ఇంటి బయట ఏ బోర్డు తగిలించినా లోపల సామానంతా మనకు తెలిసినదే.

ఆ పుస్తకంలో అసలైన ఆధునికోత్తర లక్షణం అందులోని భావాల్లో కంటే కథ చెప్పిన తీరులో ఉంది. జాజ్ సంగీతం ఒక కొలిక్కి రాదు కాబట్టి తనకు నచ్చేది కాదనీ, ఒక రాత్రి పోర్ట్‌లాండ్‌లో ఒక థియేటర్ బయట ఒక మనిషి కళ్ళు మూసుకొని సాక్సొఫోన్ వాయించడం పావుగంట చూశాక నచ్చిందనీ, దేవుడు కూడా ఒక కొలిక్కి రాడు కాబట్టి ఆయన కూడా ఒకప్పుడు నచ్చేవాడు కాదనీ మొదట్లోనే చెబుతాడు. అక్కడి నుంచి కథ తిన్నగా నడవదు. స్నేహితులు వస్తారు, వెళతారు. ఒక ఆలోచన మొదలై మధ్యలో ఆగుతుంది. పాపిగా ఉండి రక్షణ పొందాను అని ఒక తేదీ దగ్గర గీత గీసే సాక్ష్యాలకు అలవాటుపడిన మనకు ఇది గాలికి వదిలేసిన రాతలా కనిపిస్తుంది. అయితే 88వ కీర్తన మీరు ఎన్నోసార్లు చదివే ఉంటారు. మొరతో మొదలై చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. ఇతర విలాప కీర్తనల్లో లాగా చివర స్తుతి రాదు. కొలిక్కి రాని ఆ పాటను పరిశుద్ధ గ్రంథంలో ఉండనిచ్చిన సంఘం, కొలిక్కి రాని ఒక యువకుడి పుస్తకాన్ని చూసి కంగారుపడనక్కర లేదు.

ఒక తేడా మాత్రం ఉంది, దానిని మీరు గుర్తించాలి. సుమారు 397లో మొదలుపెట్టి 400 నాటికి బిషప్పు అగస్టీను ‘ఒప్పుకోళ్ళు’ అన్న తన ఆత్మకథను రాసినప్పుడు దానిని దేవుడితో మాట్లాడుతున్నట్టు రాశాడు. పదహారో ఏట పక్క తోటలో బేరిపండ్లు దొంగిలించిన సంగతి కూడా దేవుడికే చెప్పుకుంటాడు, మనం పక్క నుంచి వింటాం. మిల్లర్ మాట్లాడేది మనతో, కాఫీ బల్లకు అవతల కూర్చున్న స్నేహితుడితో మాట్లాడినట్టు. అందువల్ల చదవడం హాయిగా ఉంటుంది. అందువల్లే మన మెప్పు కోరే గొంతు కూడా అక్కడక్కడ వినిపిస్తుంది. మీరు నవ్విన చోట్లు మరొకసారి చూడండి, తనను తాను చిన్నబుచ్చుకుంటూనే పాఠకుణ్ణి ఎలా తన వైపు తిప్పుకుంటాడో తెలుస్తుంది. అది నేరం కాదు, కథ చెప్పేవాడి నేర్పు. మీ అబ్బాయికి కూడా ఆ నేర్పు మీద ఒక కన్ను ఉండడం మంచిది.

ఇక గీతల సంగతి. మీ ప్రశ్నలో నన్ను పట్టి ఆపినవి అవే. అంత పుస్తకంలో రెండే చోట్ల గీతలు గీసి తల్లి చేతిలో పెట్టినవాడు పుస్తకమంతా చదవమని కాదు, ఆ రెండు చోట్లు చదవమని ఇచ్చాడు.

మొదటిది ఒప్పుకోలు గది. మన పాఠకులలో చాలామంది ఆ పుస్తకం చూసి ఉండరు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పోర్ట్‌లాండ్‌లోని రీడ్ కళాశాల మతం పట్ల పెద్దగా మొగ్గులేని విద్యార్థులకు పేరుపడ్డ చోటు. అక్కడ ఏటా జరిగే ఉత్సవంలో విద్యార్థులు తాగి, ఆడి, ఒళ్ళు మరిచి తిరుగుతుంటే, ఆ మైదానం మధ్యలో మిల్లరూ, కొద్దిమంది క్రైస్తవ స్నేహితులూ కలిసి ఒక ఒప్పుకోలు గదిని నిలబెట్టారు. లోపలికి వచ్చినవాళ్ళు తమ చేత పాపాలు చెప్పిస్తారేమో అనుకున్నారు. లోపల కూర్చున్నవాళ్ళే తిరగబడి ఒప్పుకున్నారు: క్రూసేడుల (మధ్యయుగపు మతయుద్ధాల) పేరుతో జరిగిన రక్తపాతానికి, టీవీ బోధకుల ధనాశకు, బీదలను ఆదుకోమని క్రీస్తు చెప్పినా తాము పట్టించుకోనందుకు క్షమించమని అడిగారు. దీనిని మెచ్చుకుంటూనే నేను ఒక మాట అంటాను. ఎన్నో వందల ఏళ్ళ నాటి క్రూసేడులకు క్షమాపణ చెప్పడం సులువు. అందులో మనకు తెలిసినవాడెవడూ లేడు, రేపు వీధిలో ఎదురుపడడు. ఆ గదిలో బరువంతా, తాను స్వయంగా బీదల కోసం పెద్దగా ఏమీ చేయలేదని మిల్లర్ ఒప్పుకున్న చోట ఉంది.

ఇప్పుడు మీ అబ్బాయి పెన్సిలును ఆ వెలుగులో చూడండి. వాడి మనసులో ఉన్నవి క్రూసేడులు కావు. గేటుకు తాళం పడిన ఆ ఆదివారం ఉంది. చేతిలో పాటల పుస్తకం పట్టుకొని గేటు బయట ఎండలో నిలబడ్డ కుర్రవాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇంటికి వచ్చాక అన్నం పెట్టారు గాని దాని మాట ఎత్తలేదు. ఇది నేను ఊహించి రాస్తున్నాను, తప్పయితే మన్నించండి. కానీ మీ ఉత్తరంలో “నేను స్త్రీల సమాజానికి కార్యదర్శిని” అన్న చోట మీరు వాక్యాన్ని అంతటితో ఆపేసిన తీరు చూసి ఇలా ఊహించాను. ఒప్పుకోలు గది మీద వాడు గీత గీసింది, అలాంటి గది ఒకటి ఇంట్లో ఎప్పుడు కడతారా అని ఎదురుచూసి కావచ్చు. మీ ఉత్తరం అక్కడ మొదలు కావాలి. “అందరం పొరపాటు చేశాం నాన్నా” అన్న మాటలో ఎవరి పొరపాటూ ఉండదు. ఆ రోజు మీరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి పక్షాన్ని మనసులో సమర్థించారు, స్త్రీల సమాజం తరఫున ఒక మాట అని ఉంటే ఏమయ్యేదని భయపడ్డారు, వాడితో ఎందుకు మాట్లాడలేదు అన్నవి, ఒక్కొక్కటి ఒక్కొక్క వాక్యంగానైనా సరే, రాయండి. దానికి “అయినా దేవుని మందిరాన్ని విడువకూడదు” అనే తోక తగిలించకండి. తోక తగిలితే ఒప్పుకోలు కాస్తా ఎర అయిపోతుంది. అలాంటి ఎరలను వాడు చిన్నప్పటి నుంచి చూసి ఉంటాడు.

రెండో చోటు దగ్గర మాత్రం మీరు వాడితో గట్టిగానే మాట్లాడవచ్చునని నా అభిప్రాయం. చర్చికి కోపం రాకుండా ఎలా వెళుతున్నాను అనే అర్థం వచ్చే పేరుతో ఉన్న అధ్యాయం అది. తాను చూసిన చర్చిల మీద మిల్లర్ ఫిర్యాదులు సూటిగా ఉంటాయి: యేసును దుకాణంలో సరుకులా అమ్ముతున్నారు, ఒక రాజకీయ పార్టీకి వత్తాసు పలుకుతున్నారు, లోకంతో యుద్ధం చేస్తున్నట్టు మాట్లాడుతున్నారు. టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో, చర్చి బలంగా, ధనవంతంగా, అధికారానికి దగ్గరగా ఉండే నేలమీద పెరిగినవాడి ఫిర్యాదులవి. ఆ నేలకు అవి సరైనవే. గుడికి వెళ్ళడం మానమని మాత్రం ఆ అధ్యాయం ఎక్కడా చెప్పదు. పైగా వెళ్ళే దారి చూపిస్తుంది: మీ ఇష్టాలూ విలువలూ కలిసే మనుషులున్న సంఘాన్ని చూపమని ప్రార్థన చేయండి, చూపిన చోటికి వెళ్ళండి, మిగతా సంఘాల మీద పగ పెట్టుకోకండి. పుస్తకం రాసే నాటికి ఆయన పోర్ట్‌లాండ్‌లో అలాంటి ఒక సంఘంలో ఉన్నాడు. మీ వాడు గీత గీసిన అధ్యాయం వాడి మూడేళ్ళ విరామానికి సమర్థన కాదని ఈ ఒక్క సంగతే చెబుతుంది, మీరు వేరే వాదన తేనక్కర లేదు.

అయితే ఆ సలహాలో మొదటి అంశాన్నే నేను ఒప్పుకోలేను. మనలాంటి వాళ్ళున్న సంఘం వెతుక్కోవడం పోర్ట్‌లాండ్‌లో రుచికి సంబంధించిన విషయం: సంగీతం, పుస్తకాలు, కాఫీ, రాజకీయాలు. తెలుగునేల మీద “మనలాంటి వాళ్ళు” అన్న మాటకు ఏమి అర్థం వస్తుందో మీకూ నాకూ తెలుసు. ఏ పేట గుడి ఆ పేటదిగా, ఏ కులం సంఘం ఆ కులానిదిగా మిగిలిపోయిన చోట్లు ఎన్ని లేవు! మీ గుడి ఎన్నికల తగాదాలో కూడా తీగ లాగితే కొంత డొంక అక్కడే కదలవచ్చు. ఒంగోలు చరిత్రలో చెప్పుకునే ఒక సంగతి ఉంది. 1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర దగ్గరకు పైకులాల వారు సుముఖంగా వస్తున్న రోజుల్లోనే మాదిగ పల్లెల నుంచి విశ్వాసులు రావడం మొదలయింది. వాళ్ళను చేర్చుకుంటే మేము రామని పైకులాల వారు తేల్చి చెప్పారు. ఏమి చేయాలో తోచక భార్యాభర్తలిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కనిపించినది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం తక్కువగా చూసేవారినే దేవుడు ఏర్పరచుకొన్నాడన్న భాగమట. ఎవరు వెళ్ళిపోయినా సరేనని వాళ్ళు పల్లెల వారినే చేర్చుకున్నారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన కథకు మొదలు ఆ నిర్ణయంలో ఉంది. ఆ దొర తన ఇష్టాలూ విలువలూ కలిసేవాళ్ళ కోసం వెతికి ఉంటే ఆ రోజు వచ్చేది కాదు. ఆ తరువాత ఆ సంఘాలు కూడా ఒకే కులం వారితో నిండిపోయాయి కదా అని మీ అబ్బాయి అడగవచ్చు. అడిగితే ఒప్పుకోండి, అది కూడా చరిత్రే.

మరొక తేడా కూడా అక్కడే ఉంది. మిల్లర్ పుస్తకంలో విశ్వాసం ‘నేను’ అన్న మాట చుట్టూ తిరుగుతుంది. మన పల్లెల్లో అది ‘మేము’గా వచ్చింది: ఇంటి పెద్ద, అతని అన్నదమ్ములు, వియ్యంకుల ఊరు, ఆ పక్క ఊరు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో అడుగుపెట్టిన తరువాత మీ లూథరన్ సంఘాలు పెరిగిన చరిత్రలో కూడా ఈ ‘మేము’ కనిపిస్తుంది. మీ అమ్మమ్మ తరంలో ఎందరికో అక్షరం, పేరు, నలుగురిలో కూర్చునే చోటు ఇచ్చింది ఆ గుడే. అధికారం చేతిలో ఉన్న గుడిని చూసి హ్యూస్టన్ కుర్రవాడు విసిగిపోవడం వేరు; కాళ్ళకు చెప్పులు తొడుక్కుని పెద్దవీధిలో నడవడానికి ధైర్యమిచ్చిన గుడిని మనవడు వదిలేయడం వేరు. ఇంకొకరి కోపాన్ని అరువు తెచ్చుకున్నావని వాడిని నిందించకండి. వాడి కోపానికి వాడి కారణాలున్నాయి. వాడి కోపాన్ని మిల్లర్ మాటల్లో కాకుండా వాడి సొంత మాటల్లో రాసి పంపమని మాత్రం అడగండి. అది చదవడానికి ఇంతకంటే కష్టంగా ఉండవచ్చు, సిద్ధపడే అడగండి.

మిల్లర్ తరువాతి జీవితం గురించి కూడా తెలిసి ఉండడం మంచిది, వాడు ఎత్తితే తడబడకుండా. తాను గుడికి అంత తరచుగా వెళ్ళడం లేదనీ, పాటల ద్వారా దేవునికి దగ్గరైనట్టు తనకు అనిపించదనీ 2014లో బహిరంగంగా రాశాడు; దాని మీద అక్కడి క్రైస్తవుల్లో పెద్ద చర్చే జరిగింది. ఆ తరువాత కథ చెప్పే పద్ధతిని వ్యాపార సంస్థలకు నేర్పే పనిలో స్థిరపడి, 2017లో ఆ విద్య మీదే పుస్తకం వేశాడు. యేసును సరుకులా అమ్ముతున్నారని వాపోయిన మనిషి సరుకులు అమ్మేవాళ్ళకు గురువు కావడం చూసి నాకు కొంచెం నవ్వు వచ్చిన మాట దాచను. దీనిని మీరు ఆయుధంగా వాడితే మాత్రం చులకన అయిపోతారు. జ్ఞాపకాల పుస్తకం ఫొటో లాంటిది. తీసిన రోజున ముఖం అలా ఉంది, అంతవరకే. మీ అబ్బాయి ఈనాటి ముఖమూ అలాంటిదేనని మీరు గుర్తుంచుకుంటే మీ కంగారు సగం తగ్గుతుంది.

వాడికి తిరిగి ఏదైనా పుస్తకం ఇవ్వాలనిపిస్తే వాదనల పుస్తకం ఇవ్వకండి. రేచల్ హెల్డ్ ఎవాన్స్ 2015లో రాసిన ‘సర్చింగ్ ఫర్ సండే’ ఇవ్వవచ్చు. అలబామా, టెన్నెసీ రాష్ట్రాల్లో గట్టి విశ్వాసుల మధ్య పెరిగి, ప్రశ్నలతో సంఘాన్ని వదిలి, తిరిగి వెతుక్కుంటూ వచ్చిన స్త్రీ కథ అది. 2019లో ముప్పై ఏడేళ్ళకే ఆమె చనిపోయింది. ఆ పుస్తకాన్ని ఏడు సంస్కారాల (బాప్తిస్మం, ప్రభువు బల్ల వంటి పవిత్ర ఆచారాల) పేర్లతో విభాగాలు చేసుకొని రాసింది. లూథరన్లకు సంస్కారాలు రెండేగా అని మీరు అంటారు, నిజమే. కానీ నీళ్ళు, రొట్టె, నూనె వంటి చేతికి తగిలే వస్తువుల దగ్గర ఆమె విశ్వాసం మళ్ళీ కాలూనుకున్న తీరు, ప్రభువు బల్ల దగ్గర మోకాళ్ళూనిన మీకు వెంటనే అర్థమవుతుంది. ఆమె చెప్పే అన్నింటితోనూ మీరు ఏకీభవించరు, నేనూ ఏకీభవించను.

చిన్న సంగతి ఒకటి. మీరు ఆదివారం ఉదయం గుడికి బయలుదేరే వేళకు హిల్స్‌బరోలో శనివారం రాత్రి. ఆ వేళకు ఫోను చేసి, రేపు గుడికి వెళతావా అని అడిగే అలవాటు ఉంటే కొంతకాలం మానేయండి. ఏమి వండుకున్నావని అడగండి. అయ్యగారికి కూడా పుస్తకం మొత్తం కాకుండా ఒప్పుకోలు గది ఉన్న ఆ ఒక్క అధ్యాయం చదవమని ఇవ్వండి. తాళం పడిన రోజున ఆయన ఈ గుడిలో ఉన్నారో, బదిలీ మీద తరువాత వచ్చారో నాకు తెలియదు గాని, ఏదైనా సరే చదవవలసిన అధ్యాయమే.

పుస్తకాన్ని మీ దగ్గరే ఉంచుకోకుండా వాడికే తిరిగి పంపండి. పంపే ముందు మీకు నచ్చిన చోట్ల, నవ్విన చోట్ల, ఒప్పుకోని చోట్ల మీరు కూడా గీతలు గీయండి. పేపర్లు దిద్దిన చెయ్యి కదా అని ఎర్ర పెన్ను మాత్రం తీయకండి, వాడిలాగే పెన్సిలు వాడండి. “ఇష్టాలూ విలువలూ” అన్న చోట అంచున, మీ అమ్మమ్మ ఏ ఊళ్ళకు, ఎవరి ఇళ్ళకు, ఎంత దూరం నడిచి వెళ్ళేదో మీకు తెలిసినంత రాయండి. వాడు “మన గుడి” అని రాసిన మాటను చెరపకండి. ఆ మాట పక్కన ఇంకా కొంత చోటు ఉండి ఉంటుంది. తాళం పడిన ఆ ఆదివారం తేదీ మీకు గుర్తుంటే ముందు అది వేసి, దాని కింద మీ ఉత్తరంలోని మొదటి వాక్యాన్ని అక్కడే మొదలుపెట్టండి.